ప్రతీకార కథ – సాక్ష్యం

భయానక రసానికి భయం స్థాయీభావమని భరతుడు నాట్యశాస్త్రంలో నిర్దేశించాడు. అయితే ఏ కారణం వల్ల పుట్టిన భయం కళకు యోగ్యమవుతుందన్నది ఆలోచించవలసిన విషయం. అర్ధరాత్రి వేళ తలుపు దభాలున కొట్టుకుంటే ఎవరైనా ఉలిక్కిపడతారు. ఆ ఉలికిపాటు క్షణకాలం ఉండి తొలగిపోతుంది. ఆ తలుపు వెనుక ఒకప్పుడు ఒక అమాయకురాలు హత్యకు గురైందనీ, ఆ ఘోరం తెలిసి కూడా ఊరంతా మౌనం వహించిందనీ తెలిసినప్పుడు కలిగే భయం వేరు. అది ప్రేక్షకుడితో పాటు ఇంటిదాకా వస్తుంది. మొదటి భయానికి కారణం చప్పుడు. రెండవ భయానికి కారణం కథ. దెయ్యాల చలనచిత్రాలలో మంచిచెడ్డలను నిర్ణయించేది ఈ భేదమే.

మెదక్ పట్టణానికి సమీపంలోని కొల్చారం గ్రామం, సంస్కృత పంచకావ్యాలకు వ్యాఖ్యానాలు రచించిన కోలాచల మల్లినాథసూరి స్వస్థలమని పండితుల అభిప్రాయం. ఆ మహావ్యాఖ్యాత తన రచనకు రెండు నియమాలు విధించుకొన్నాడు. మూలంలో ఆధారం లేనిదేదీ వ్రాయకూడదన్నది మొదటిది. అవసరం లేనిదేదీ చెప్పకూడదన్నది రెండవది. వ్యాఖ్యాన రచన కోసం ఆయన చెప్పుకొన్న ఈ నియమాలు కథారచనకు కూడా చక్కగా వర్తిస్తాయి. ముఖ్యంగా అతీతశక్తులతో కూడిన ప్రతీకార కథకు ఇవి ప్రాణం వంటివి. మానవులు మాత్రమే ఉన్న కథలో కవి చిన్న పొరపాటు చేసినా లోకానుభవం దానిని కొంత సరిదిద్దుతుంది. దెయ్యం ఉన్న కథలో ఆ అవకాశం లేదు. అక్కడ ఏదైనా జరగవచ్చు. ఏదైనా జరగగల చోట, ఏది ఎందుకు జరిగిందో చెప్పవలసిన బాధ్యత కథకుడిపై రెట్టింపు అవుతుంది.

ఇక్కడ రెండు మాటల అర్థాలను వేరుచేసి గ్రహించాలి. జరిగిన సంఘటనల సముదాయం ఇతివృత్తం. ఆ సంఘటనలను ఏ వరుసలో, ఎవరి నోట, ఎంత మేరకు చెప్పాలో నిర్ణయించుకొనే నేర్పు సంవిధానం. ప్రతీకార కథల ఇతివృత్తం దాదాపు అన్నింటిలో ఒక్కటే. ఒక అన్యాయం జరుగుతుంది. దానికి శిక్ష పడదు. అందులో మరణించినవారు గాని, అందుకు కారకులైనవారు గాని మరొక రూపంలో తిరిగి వస్తారు. చివరికి లెక్క తేలుతుంది. ఇన్ని కథలకు ఒకే ఇతివృత్తమైనప్పుడు, ఒక కథ మనస్సులో నిలిచిపోవడానికీ మరొకటి మరుపున పడడానికీ సంవిధానమే కారణమని అంగీకరించాలి.

ఈ సంవిధానం తెలుగువారికి చలనచిత్రాలతో పరిచయమైనది కాదు. తెలుగులో ఆదికావ్యంగా ప్రసిద్ధమైన నన్నయ భారతంలోని ఆదిపర్వమే ప్రతీకార కథలతో మొదలవుతుంది. పరీక్షిన్మహారాజు వేటలో అలసి, మౌనవ్రతంలో ఉన్న శమీక మహర్షి మెడలో చచ్చిన పామును వేశాడు. ముని కుమారుడు శృంగి శపించాడు. తక్షకుడు రాజును కాటువేశాడు. మరొకవైపు తక్షకుడు అపహరించిన కుండలాల కోసం పాతాళం దాకా వెళ్ళిన ఉదంకుడు, ఆ కోపాన్ని మనస్సులో ఉంచుకొని, పరీక్షిత్తు కుమారుడైన జనమేజయుణ్ణి సర్పయాగానికి పురికొల్పాడు. సంవిధాన దృష్టితో చూస్తే ఈ ఘట్టంలో ఒక్క సంఘటన కూడా నిష్కారణంగా జరగలేదు. ఒక అవమానం ఒక శాపాన్ని కన్నది. ఆ శాపం ఒక మరణాన్ని కన్నది. ఆ మరణం ఒక మహాహింసను కన్నది. ఇంకొక విశేషం గమనించదగినది. వైశంపాయనుడు జనమేజయుడికి భారతకథను వినిపించినది ఆ సర్పయాగ సందర్భంలోనే. అంటే ప్రతీకారం తీర్చుకొంటున్న రాజుకు, ప్రతీకారం వల్ల ఒక వంశం ఎలా నశించిందో వినిపించడమే భారతానికి చట్రం అయింది.

మెదక్ ప్రాంత ప్రజలకు ఈ కథ పుస్తకాలలో మాత్రమే ఉన్నది కాదు. పాపన్నపేట మండలంలో మంజీర నది ఏడు పాయలుగా చీలే చోట వనదుర్గా భవాని ఆలయం ఉంది. అదే ఏడుపాయల క్షేత్రం. జనమేజయుడు సర్పయాగం చేసినది ఆ ప్రదేశంలోనేనని స్థలపురాణం చెబుతుంది. శివరాత్రి జాతరకు తరలివచ్చే వేలాది జనంలో ఎందరో ఈ కథను పెద్దల నోట విన్నవారే. స్థలపురాణాన్ని చరిత్రగా నిరూపించవలసిన పని లేదు. అతీతశక్తులు, పగ, మరణం, విముక్తి కలగలిసిన కథను ఒక ప్రాంతం తరతరాలుగా తన నదితో ముడివేసుకొని చెప్పుకొంటున్నదన్నదే ఇక్కడ ముఖ్యం.

పగ కోసం మరుజన్మ ఎత్తిన పాత్ర కూడా భారతంలో ఉంది. కాశీరాజు పుత్రిక అంబను భీష్ముడు స్వయంవరం నుండి బలవంతంగా తీసుకొని వచ్చాడు. ఆమె మనస్సు సాళ్వునిపై ఉందని తెలిసి పంపివేశాడు. సాళ్వుడు స్వీకరించలేదు. తిరిగి వస్తే భీష్ముడు తన వ్రతాన్ని విడువలేదు. పరశురాముడు ఆమె పక్షాన యుద్ధం చేసి కూడా ఫలితం సాధించలేకపోయాడు. అప్పుడామె తపస్సు చేసి, శివుని వరం పొంది, అగ్నిలో ప్రవేశించి, ద్రుపదుని ఇంట జన్మించి శిఖండి అయింది. అంబ కథలో భయపెట్టే రూపం గాని, వికృతమైన కేక గాని లేవు. అయినా కురుక్షేత్రంలో పదవనాడు శిఖండి ముందు నిలిచినప్పుడు పాఠకుని ఒళ్ళు జలదరిస్తుంది. ఆమె తట్టిన ప్రతి వాకిలీ మూతపడిందని అతనికి ముందే తెలుసు. లోకంలో న్యాయం దొరకని ఫిర్యాదు లోకాన్ని దాటి వెళ్ళి తిరిగి వస్తుంది. అతీతశక్తి కథకు పుట్టుక అక్కడే.

ఈ పూర్వరంగంతో చూచినప్పుడు, 2009 జనవరిలో విడుదలైన ‘అరుంధతి’ చిత్రం సంవిధానం స్పష్టంగా అర్థమవుతుంది. కోడి రామకృష్ణ దర్శకత్వంలో శ్యామ్ ప్రసాద్ రెడ్డి నిర్మించిన ఈ చిత్రంలో జేజమ్మ, అరుంధతి అనే రెండు పాత్రలను అనుష్క, పశుపతి పాత్రను సోనూ సూద్ ధరించారు. కథ గద్వాల సంస్థానంలో జరిగినట్లు కల్పించారు. కవిపండిత పోషణ వల్ల ‘విద్వద్గద్వాల’ అని పేరుపొందిన నిజమైన సంస్థాన చరిత్రకూ ఈ కథకూ సంబంధం లేదు. ఇది కేవలం కల్పన. కోట దృశ్యాలలో కొన్నింటిని బనగానపల్లె నవాబు బంగళాలో చిత్రించారు. తరువాత ఆ కట్టడాన్ని జనం ‘అరుంధతి బంగళా’ అని పిలవసాగారు. కల్పనకు లోకం మీద ఎంత పట్టు ఉంటుందో చెప్పడానికి ఈ ఒక్క ఉదాహరణ చాలు.

కథను కాలక్రమంలో చెబితే ఇలా ఉంటుంది. సంస్థానాధీశుని పెద్ద కుమార్తె భర్త పశుపతి దుర్మార్గుడు. స్త్రీల పాలిట మృత్యువు. కూతురి కాపురం చెడుతుందన్న భయంతో రాజు అతని అకృత్యాలను ఉపేక్షిస్తాడు. చివరికి అతడు, అంధురాలైన నాట్యాచార్యురాలిని బలిగొంటాడు. ఆమె శిష్యురాలు, రాజు చిన్న కుమార్తె అయిన బాలిక జేజమ్మ అతనిని చంపమని ఆజ్ఞాపిస్తుంది. అక్క ఆత్మహత్య చేసుకొంటుంది. ఆగ్రహించిన జనం పశుపతిని చావబాది, గుర్రానికి కట్టి తరిమివేస్తారు. అఘోరాలు అతనిని బ్రతికిస్తారు. క్షుద్రవిద్యలు నేర్చి, ఏళ్ళ తరువాత జేజమ్మ పెళ్ళి వేళకు తిరిగి వస్తాడు. ఆమె నాట్యంతో అతనిని ఏమరుపాటుకు గురిచేసి, మంత్రం పలకకుండా నాలుక తెగ్గొట్టి బంధిస్తుంది. చంపితే ప్రేతమై మరింత పీడిస్తాడని తెలిసి సజీవంగా సమాధి చేయిస్తారు. అయినా పీడ ఆగదు. తన ప్రాణం అర్పించి, తన అస్థులతో ఆయుధం తయారు చేయిస్తే తప్ప అతనికి అంతం లేదని తెలుసుకొన్న జేజమ్మ అందుకు సిద్ధపడుతుంది. ఆమె వంశంలో తరువాతి తరాలలో పుట్టిన అరుంధతి చేతిలో పశుపతి చివరికి నశిస్తాడు.

చిత్రం ఈ వరుసలో నడవదు. పెళ్ళి నిశ్చయమైన నేటి కాలపు అరుంధతితో కథ సాగుతుంది. అందరూ ఆమెను జేజమ్మా అని గౌరవంగా పిలుస్తారు. ఆ పిలుపులోనే బీజం దాగి ఉంది. చిన్నపిల్లను పెద్దలు అలా ఎందుకు పిలుస్తున్నారన్న సందేహం ప్రేక్షకునికి కలుగుతుంది గాని సమాధానం వెంటనే లభించదు. నాట్యశాస్త్రకారులు ముఖం, ప్రతిముఖం, గర్భం, విమర్శ, నిర్వహణం అని ఐదు సంధులను చెప్పారు. బీజం నాటడం ముఖసంధి. అది కొంత కనబడి కొంత మరుగుపడడం ప్రతిముఖం. ఆశనిరాశల నడుమ దానిని వెదకడం గర్భసంధి. ప్రబలమైన ఆటంకం వల్ల ఆలోచనలో పడడం విమర్శ. చెదిరిన సంఘటనలన్నీ ఒకే ప్రయోజనానికి చేరడం నిర్వహణం. అరుంధతిని కోటకు రప్పించే మాయలు ప్రతిముఖసంధిలోనివి. వృద్ధ సేవకురాలు చంద్రమ్మ నోట పూర్వకథ వెలువడడం గర్భసంధి. తన వారినందరినీ ప్రమాదం ముంచుకొని, ఆయుధం ఫలించని స్థితి విమర్శసంధి. ఆమె రక్తం సోకిన తరువాతనే ఆ ఆయుధానికి శక్తి కలగడం, పశుపతి అంతం కావడం నిర్వహణం.

పూర్వకథను మొదటనే చెప్పక నడుమ చెప్పడంలో ఔచిత్యం ఏమిటన్న ప్రశ్న సహజం. మొదటనే చెబితే పశుపతి దుర్మార్గం తెలుస్తుంది గాని భయం పుట్టదు. చివరన చెబితే భయం పుడుతుంది గాని అది అర్థం లేని భయం అవుతుంది. నడుమ చెప్పడం వల్ల రెండు ప్రయోజనాలు సిద్ధించాయి. అప్పటివరకు జరిగిన వింతలకు కారణం దొరికింది. ఇక జరగబోయే వాటికి భయపడడానికి అవకాశం మిగిలింది. పదహారవ శతాబ్దంలో పింగళి సూరన తన ‘కళాపూర్ణోదయం’లో పాత్రల పూర్వజన్మ వృత్తాంతాలను కథ చాలా దూరం నడిచాక విప్పి చెప్పడంలో చూపిన నేర్పు కూడా ఇటువంటిదే. కారణాన్ని దాచి కార్యాన్ని ముందు చూపడం తెలుగు కథకులకు కొత్త విద్య కాదు.

అయితే ప్రతీకార కథలో పూర్వకథకు మరొక బరువైన బాధ్యత ఉంది. అది సాక్ష్యం. చలనచిత్ర పరిభాషలో ఫ్లాష్‌బ్యాక్ అని పిలిచే ఆ భాగం, న్యాయస్థానంలో సాక్షి ఇచ్చే వాంగ్మూలం వంటిది. పశుపతి నేరాన్ని ప్రేక్షకుడు కళ్ళారా చూస్తాడు. అందువల్లనే అతని చావును కోరుకొనే హక్కు తనకుందని భావిస్తాడు. చంద్రమ్మ పాత్ర ప్రాధాన్యం ఇక్కడ ఉంది. ఆమె కథ చెప్పే అవ్వ మాత్రమే కాదు, జరిగినదానిని ఎరిగిన సాక్షి. షేక్‌స్పియర్ ‘హామ్లెట్’ నాటకంలో తండ్రి ప్రేతం స్వయంగా వచ్చి, తనను హత్య చేసినది ఎవరో చెబుతుంది. అయినా రాజకుమారుడు ఆ మాటను ఉన్నదున్నట్లు నమ్మి కత్తి దూయడు. ఆ హత్యను పోలిన నాటకాన్ని ప్రదర్శింపజేసి, పినతండ్రి ముఖకవళికలను పరిశీలించి, నేరం రూఢి చేసుకొంటాడు. దెయ్యం చెప్పినంత మాత్రాన నేరం రుజువైనట్లు కాదని నాలుగు వందల ఏళ్ళ క్రితమే ఒక మహాకవి గ్రహించాడు.

‘అరుంధతి’ కథను మరింత లోతుగా పరిశీలిస్తే, అందులో ఒక నేరానికి మూడు తీర్పులు కనిపిస్తాయి. మొదటి తీర్పు జనానిది. విచారణ లేదు, నియమం లేదు, ఆవేశమే ఉంది. రాజు సకాలంలో చేయవలసిన పని చేయనందున జనం రాళ్ళూ కర్రలూ పట్టవలసి వచ్చింది. ఆ తీర్పు నేరాన్ని అంతం చేయలేదు. కేవలం దుష్టుడైనవాడు క్షుద్రశక్తిమంతుడై తిరిగి వచ్చాడు. రెండవ తీర్పు పూడ్చిపెట్టడం. గోడ కట్టి, యంత్రాలు బిగించి, ఆ మాట ఎత్తకుండా ఉంటే పీడ పోతుందని అనుకొన్నారు. కంటికి మరుగు కావడం వేరు, పరిష్కారం కావడం వేరు. తరాలు గడిచినా సమాధిలోని పగ చల్లారలేదు. మూడవ తీర్పు త్యాగం. జేజమ్మ ఇతరుల ప్రాణాలను గాక తన ప్రాణాన్నే పణంగా పెట్టింది. వృత్రాసుర సంహారానికి దధీచి మహర్షి తన అస్థులను ఇచ్చిన పురాణగాథ ఇక్కడ ప్రేక్షకుని మనస్సులో మెదులుతుంది. దేవతల కోసం ఒక ఋషి చేసిన పనిని ప్రజల కోసం ఒక స్త్రీ చేసింది. ఆవేశం, మరుగుపరచడం, త్యాగం అనే ఈ మూడు మెట్లు ఉండడం వల్లనే ఆ చిత్రం కేవలం గగుర్పాటుగా మిగిలిపోక కథ అయింది.

అతీతశక్తికి హద్దులు విధించడం కూడా ఈ సంవిధానంలోని గొప్ప సూత్రం. పశుపతి సర్వశక్తిమంతుడే అయితే కథ మొదటి ఘట్టంలోనే ముగుస్తుంది. నాలుక లేనిదే మంత్రం లేదు. సమాధి ఉన్నంతవరకు స్వేచ్ఛ లేదు. ఆయుధం ఉన్నా ఆమె రక్తం సోకనిదే ప్రయోజనం లేదు. ఈ నియమాలన్నీ కల్పితాలే. కాని ఒకసారి విధించిన తరువాత కథకుడు వాటిని ఉల్లంఘించలేదు. క్షేమేంద్రుడు కావ్యానికి జీవితమని చెప్పిన ఔచిత్యం ఇదే. అసంభవమైన విషయాన్ని సైతం ప్రేక్షకుడు అంగీకరిస్తాడు. అకారణమైన విషయాన్ని మాత్రం అంగీకరించడు. అవసరానికి కొత్త మంత్రం, ఆపదకు కొత్త స్వామీజీ పుట్టుకొని వచ్చే చిత్రాలు తేలిపోవడానికి కారణం ఈ సూత్రాన్ని మరచిపోవడమే.

రసదృష్టితో కూడా ఒక మాట చెప్పాలి. ప్రతీకార కథలో భయానకం పైకి కనిపించే రసం. దాని అడుగున కరుణ ప్రవహిస్తూ ఉండాలి. అంధురాలైన నాట్యాచార్యురాలి మరణం పట్ల జాలి కలగనివాడికి పశుపతి అంతం పట్ల తృప్తి కలగదు. నిర్వహణసంధిలో అద్భుతరసం ఉండాలని భరతుడు చెప్పాడు. ఆ అద్భుతం నాలుగు మెరుపులతోనో, కూలే గోడలతోనో సిద్ధించదు. తలవని తలంపుగా న్యాయం నెగ్గడం వల్ల సిద్ధిస్తుంది. ‘అరుంధతి’ చివరి ఘట్టాలలో సాంకేతిక ఆర్భాటం కథను కొంత మించిపోయిందనక తప్పదు. అక్కడ కన్ను చెదిరినంతగా మనస్సు కదలదు. మల్లినాథుని రెండవ నియమం గుర్తుకు రావలసిన చోటు అది.

ఇంతవరకు చెప్పినది కళకు సంబంధించినది. ఈ కథలకు జీవితంతో ఉన్న సంబంధం ఇంతకంటె ముఖ్యమైనది. ఉమ్మడి మెదక్ జిల్లాలోనూ, పొరుగు జిల్లాలలోనూ బాణామతి, చేతబడి అనే మాటలు వినని పల్లె లేదు. ఇంట్లో వరుసగా జబ్బులు వచ్చినా, పశువులు చనిపోయినా, ఎవరికైనా పూనకం వచ్చినా, ఎవరో ఏదో చేశారన్న అనుమానం తలెత్తుతుంది. ఆ అనుమానం సాధారణంగా దిక్కులేని వృద్ధురాలి మీదనో, పేదవాడి మీదనో, ఊరివారితో పొసగనివాడి మీదనో పడుతుంది. అటువంటివారిని కొట్టి, పళ్ళు రాలగొట్టి, చెట్టుకు కట్టి, కొన్ని చోట్ల సజీవంగా దహనం చేసిన ఘటనలు పత్రికలలో పలుమార్లు వచ్చాయి. చదువుకొన్నవారు సైతం అటువంటి వేళ చూస్తూ నిలబడిన సందర్భాలున్నాయి.

2023లో విడుదలైన ‘విరూపాక్ష’ చిత్రం ఈ వాస్తవాన్నే కథకు బీజంగా గ్రహించింది. కార్తీక్ దండు దర్శకత్వం వహించిన ఈ చిత్రం రుద్రవనం అనే కల్పిత గ్రామంలో జరుగుతుంది. 1979లో క్షుద్రపూజలు చేస్తున్నారన్న అనుమానంతో గ్రామస్థులు ఒక దంపతులను సజీవంగా దహనం చేస్తారు. పన్నెండేళ్ళ తరువాత ఆ ఊరిలో అంతుచిక్కని మరణాలు మొదలవుతాయి. వాటి వెనుక ఆ దంపతుల సంతానమే ఉన్నట్లు చివరికి తేలుతుంది. ‘అరుంధతి’లో పగబట్టి తిరిగి వచ్చినవాడు నేరస్థుడు. ‘విరూపాక్ష’లో పగ పుట్టినది బాధితుల ఇంట. అక్కడ నేరం ఒక్కనిది, ఊరు అతని వల్ల బాధపడింది. ఇక్కడ నేరం ఊరందరిది. రెండు కథలలోనూ మూలం మాత్రం ఒక్కటే. విచారణ జరగవలసిన చోట జరగలేదు. మొదటి కథలో బంధుప్రీతి విచారణను అడ్డుకొన్నది. రెండవ కథలో మూకుమ్మడి భయం అడ్డుకొన్నది.

దెయ్యాల చిత్రాలు మూఢనమ్మకాలను పెంచుతాయి కనుక వాటిని చూడనేకూడదని కొందరు పెద్దల వాదం. ఆ వాదంలో సత్యం లేకపోలేదు. మంత్రగాని శక్తిని కళ్ళకు కట్టినట్లు చూపే చిత్రం, నమ్మేవాడి నమ్మకాన్ని మరింత గట్టిపరచవచ్చు. కాని చూడవద్దన్నంత మాత్రాన యువకులు చూడడం మానరు. భారతంలోని శాపాలనూ, బేతాళ కథలనూ తొలగించి తెలుగు సాహిత్యాన్ని చదవడం కూడా సాధ్యం కాదు. చూచేవారికి సంవిధానం ఎరిగి చూడడం నేర్పడమే మేలైన మార్గం. కథలోని దెయ్యం ఒక అలంకారం. శిక్ష పడని నేరానికి అది మూర్తరూపం. ఆ అలంకారాన్ని అలంకారంగా గుర్తించినవాడు దానిని ఊరిలోని అవ్వ ముఖంలో వెదకడు. 2005లో వచ్చిన ‘చంద్రముఖి’ చిత్రం ఈ విషయంలో ఒక మధ్యేమార్గాన్ని చూపింది. అందులో పూర్వకాలపు నర్తకి పగ ఒక గృహిణిలో ఆవహించినట్లు కనిపించినా, అది మానసిక వ్యాధి అని వైద్యుడు గుర్తిస్తాడు. ఆమెను కొట్టించడు, కట్టివేయించడు. ఆమె కోరుకొన్న ప్రతీకారం నెరవేరినట్లు ఒక కల్పిత ఘట్టాన్ని నడిపించి స్వస్థురాలిని చేస్తాడు. పూనకం వచ్చిన మనిషికి కావలసినది దండన కాదు, చికిత్స అన్న సత్యం కోట్లాది ప్రేక్షకులకు వినోదం ద్వారా అందింది.

చిత్రానికీ జీవితానికీ మధ్య ఉన్న ప్రధాన భేదాన్ని విద్యార్థులు ఎన్నడూ మరువరాదు. చిత్రంలో పూర్వకథ ఉంటుంది. నేరం జరిగిన గదిలోకి కెమెరా వెళుతుంది. ఎవరు దోషో, ఎవరు నిర్దోషో ప్రేక్షకునికి తెలుస్తుంది. జీవితంలో అటువంటి సదుపాయం లేదు. రచ్చబండ వద్ద ఒక స్త్రీని చుట్టుముట్టిన గుంపులో ఏ ఒక్కరూ ఆమె నేరాన్ని చూచినవారు కారు. విన్నవారు, అనుకొన్నవారు, అన్నవారు మాత్రమే. చిత్రంలో దోషికి శిక్ష పడినప్పుడు చప్పట్లు కొట్టే చేతులే, సాక్ష్యం లేని చోట రాయి అందుకొంటే, ఆ మనిషి చిత్రాన్ని చూచాడే గాని కథను గ్రహించలేదన్న మాట. మూలం లేనిది వ్రాయకూడదన్న మల్లినాథుని నియమం కలానికి ఎంత అవసరమో, ఆధారం లేనిది నమ్మకూడదన్న నియమం మనిషికి అంత అవసరం.

ప్రతీకార కథలన్నీ చివరికి ఒకే ప్రశ్న వద్దకు చేరుతాయి. ఈ పగ ఎక్కడ ఆగుతుంది? ఆదిపర్వం ఆ ప్రశ్నకు వెయ్యేళ్ళ క్రితమే తెలుగులో సమాధానం ఇచ్చింది. సర్పయాగం మహోగ్రంగా సాగుతున్న వేళ, తక్షకుడు హోమగుండంలో పడబోయే సమయంలో ఆస్తీకుడు వచ్చాడు. అతని తండ్రి ముని, తల్లి నాగకన్య. ఇరుపక్షాల రక్తమూ అతనిలో ఉంది. అతడు ఆయుధం పట్టలేదు, శాపం పెట్టలేదు. రాజును ప్రసన్నుణ్ణి చేసి, యాగం ఆపమని వరం కోరాడు. ఎవరి వైపూ ద్వేషం లేనివాడు, ఇద్దరి దుఃఖమూ తెలిసినవాడు మాత్రమే అడగగలిగిన కోరిక అది. పగను గురించిన కథలు ఎన్ని వచ్చినా, వాటిలో ఆస్తీకుని వంటి పాత్ర అరుదుగా కనిపించడం నేటి చలనచిత్రాలలోని లోటు.

ఆ లోటును జీవితంలో పూరించవలసిన బాధ్యత చదువుకొన్న యువతరానిది. ఊరిలో ఎవరిమీదనైనా నింద పడినప్పుడు, నీవు చూచావా అని గుంపును అడిగే ధైర్యం గల ఒక్క వ్యక్తి ఉంటే చాలు. జబ్బుపడినవారిని వైద్యుని వద్దకు, నిందపడినవారిని చట్టం రక్షణలోకి చేర్చే ఒక్క చేయి ఉంటే చాలు. సకాలంలో న్యాయం జరిగిన ఊరిలో దెయ్యానికి కథ ఉండదు.